వీరగల్లుకు బంగారు పెయింటు కొట్టమని ఎవరడిగినారబ్బా?

ఇందాకే ఒక రీలు చూసినా. ఇంకా ఒళ్లు మండతానే ఉండాది. పుంగనూరు పక్క ఏదో చెరువుకట్ట, కట్ట కింద వీరగల్లు (చచ్చిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన బొమ్మ రాయి), చుట్టూ కుర్రోళ్లు. ఒకడు ఇనుప బ్రష్షుతో రాయిని బరబరా గీకతా ఉండాడు. ఇంకొకడు బంగారు రంగు ఎనామిల్ డబ్బా మూత తీస్తా ఉండాడు. చివరాఖరికి వీరుడికి నల్ల మీసం, ఎర్ర పెదాలు, గుడ్లురిమే తెల్ల కళ్లు. కింద "మన చరిత్రను మనమే కాపాడుకుందాం" అని రాత. వీరుడి తలకాయ పైన రెండు వరసల అక్షరాలు ఉండాయి, గీకేటప్పుడు స్పష్టంగా కనపడినాయి. పెయింటు కొట్టినాక ఒక్కటీ లేదు. బాగా కాపాడినారు.

అది ఊరి దేవుడి బొమ్మ కాదు నాయనా. చచ్చిపోయిన ఒక మనిషి గుర్తు. ఆవుల మందను తోలుకుపోతా ఉంటే అడ్డం పోయి చచ్చినోడిదో, దొర పక్కన యుద్ధంలో పడినోడిదో. పైన అక్షరాల్లో ఎవరు ఏలుతుండగా, ఏ ఊరి మీద ఎవరు పడితే, ఎవరి కొడుకు ఎట్టా చచ్చినాడో ఉంటాది. ఆ రెండు వరసలే వాడి జీవితం మొత్తం. ఇంకెక్కడా వాడి పేరు లేదు, తాళపత్రంలో లేదు, ఊళ్ల చరిత్ర రాసిన కైఫీయతుల్లో లేదు. దాని మీద రెండు కోటింగులు కొట్టినారు.

మన చిత్తూరు జిల్లాలో వీరగల్లు లేని పక్క లేదు. బాణులు, వైదుంబులు, నొలంబులు, చోళులు, ఈ పాత రాజవంశాలోళ్లందరూ కొట్టుకున్నది ఈ నేల మీదే. అందుకే తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లోనూ రాళ్లుండాయి. చదవను రాకపోయినా బొమ్మ చూసి సగం కథ పట్టుకోవచ్చు. కాళ్ల దగ్గర ఆవులుంటే మంద కోసం చచ్చినోడు. పులో పందో ఉంటే వేటలో పోయినోడు. మూడంతస్తుల రాయైతే కింద నుంచి పైకి చదవాల: కింద యుద్ధం, నడిమి దాంట్లో అప్సరసలు వాణ్ణి ఎత్తుకుపోవడం, పైన శివలింగం ముందర కూర్చోనుండటం. నెత్తిన సూర్యచంద్రులుంటే అవి ఉన్నన్నాళ్లు వీడి పేరూ ఉండాలని. స్తంభంలోంచి మోచేతికాడ వంగిన చెయ్యి, దానికి గాజులు ఉంటే అది సతి రాయి, మొగుడి చితిలో పోయిన ఆడమనిషి గుర్తు. జుట్టు ఒక చేత్తో పట్టుకొని తలకాయ కోసుకుంటా ఉంటే ఆత్మబలి. దీన్నే మనోళ్లు వాట్సాపులో "క్షుద్రపూజల విగ్రహం" అని తిప్పతారు.

పెయింటు కొడితే ఏమవతాదంటారా? చెప్తా వినండి. రాయి సగం భూమిలో ఉంటాది. చెరువు పక్కనైతే ఏడాదంతా అడుగు నుంచి తేమ పైకి పాకతా ఉంటాది, మీద నుంచి ఆరిపోతా ఉంటాది. ఎనామిల్ పొర ఆ దారి మూసేస్తాది. తేమతో వచ్చిన ఉప్పు పొర వెనకాల గట్టిపడి, ఎండాకాలం పెయింటు పెచ్చులూడినప్పుడు పాతబడిన రాతి పైతోలును కూడా పట్టుకొని ఊడతాది. ఆ అక్షరాలు బియ్యపు గింజంత లోతు కూడా ఉండవు, ఒక్క పెచ్చు చాలు ఒక పేరు పోవడానికి. అప్పుడు ఇదే సేవాదళం మళ్లీ వచ్చి ఇంకో కోటింగు కొడతాది. ఇంకొంతమంది మేధావులు యాసిడ్ పోస్తారు. రాతిలో ఉండే ఇనుము కరిగి తుప్పు మరకలు తేలతాయి, ఎంత కడిగినా కొంత ఉప్పు లోపలే ఉండిపోతాది. సిమెంటు దిమ్మె కట్టేవాళ్ల సంగతి సరేసరి. అడుగు వరసను సిమెంటులో పూడ్చేసి, దిమ్మె ముందర మాత్రం దాత పేరు గ్రానైటు పలక మీద, అది లోతుగా, బాగా చదివేటట్టు. చచ్చినోడి పేరు మునిగినా కట్టించినోడి పేరు తేలాల.

పసుపు కుంకుమకు నేను అడ్డం కాదు. ముసలమ్మలు తరతరాలుగా పెడతా ఉండారు, నీళ్లు పడితే పోతాది. నూనె వద్దు. నూనె, దీపం మసి, దుమ్ము మూడూ కలిసి రాయి మీద జిగట తారులాగా పట్టేస్తాయి.

సేవ చెయ్యాలని అంత దురదగా ఉంటే మొదలు ముళ్లకంప కొట్టండి. మెత్తటి నైలాన్ బ్రష్షు, ఒక బకెట్ మంచినీళ్లు, అక్షరాల సందుల్లో మట్టి తియ్యను వెదురు పుల్ల. అంతే సామాను. సబ్బు వద్దు, సర్ఫు వద్దు, మోటారు పైపు ప్రెషర్ వద్దు. నాచు గట్టిగా పట్టుకోనుంటే వదిలెయ్యండి, గీకితే రాతిని కూడా తెస్తాది. ఫోటో మిట్టమధ్యాహ్నం తీస్తే ఒక్క అక్షరం పడదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడాల, లేదంటే చీకటి పడినాక టార్చి పక్క నుంచి రాయికి ఆనించినట్టు పట్టుకోవాల. లైటు నాలుగు వైపులా తిప్పి నాలుగు ఫోటోలు తియ్యండి. అక్షరాల్లో ముగ్గుపిండి పూసి ఫోటో తీసేవాళ్లు దయచేసి మానుకోండి. మీరు పూసింది మీకు తోచిన అక్షరం, రాతిలో ఉండే అక్షరం కాదు.

అచ్చు తీసేది ఇంకో పద్ధతి, తెలిసినోళ్ల దగ్గర నేర్చుకోకుండా చెయ్యొద్దు. తడిపిన కాగితాన్ని కడిగిన రాయి మీద పరిచి, ముడతలు లేకుండా బ్రష్షుతో కొడతా పోతే కాగితం అక్షరాల్లోకి దిగతాది. కొంచెం ఆరినాక సిరా అద్దిన గుడ్డ ముద్దతో తేలిగ్గా తట్టాల. రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తాది. కాగితం బాగా తడిగా ఉండంగానే తొందరపడి తట్టితే సిరా ఊరి అంతా అలుక్కుపోతాది. పూర్తిగా ఆరినాక ఒలుచుకోవాల. మైసూరులో ఉండే, రాతి శాసనాలు చదివే కేంద్ర శాసన విభాగం వాళ్లు ఇట్టాంటి అచ్చుల మీదే పని చేస్తారు. పెయింటు పూడిన అక్షరానికి ఎంత గొప్పోడూ అచ్చు తియ్యలేడు.

ఇంక నిధుల గాళ్లు. వీరుడి కత్తి ఎటు చూపిస్తే అటు లంకెబిందెలంట! కత్తి పైకెత్తి ఉంటే ఏం చేస్తారప్పా, ఆకాశం తవ్వతారా? బంగారుపాళెం, పలమనేరు పక్కన బండరాళ్లతో కట్టిన పాండవుల గుళ్లు ఉండాయి కదా, అవి ఇనుప యుగం నాటి సమాధులు. అందులో దొరికేది కుండపెంకులు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు. దాని కోసం నేల పెళ్లగించి పోతారు. ఒకవేళ నిజంగా దొరికినా, పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉండాది.

దొరల సమాధులకైతే ఈ ఖర్మ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండే తెల్లోళ్ల సమాధి రాళ్ల మీద ముఖ్యమైన రాతలు ఎత్తిరాసి 1905లోనే జాబితా అచ్చేసినారు. తిరుమలలో గంగాళానికి పేరుండే మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చి, 1831లో మళ్లీ ఎత్తి మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయినారు. హైదరలీ 1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో పోతే, సంగతి పొక్కకుండా శవాన్ని పెట్టెలో పెట్టి కోలారుకు పంపించి, అక్కడి నుంచి శ్రీరంగపట్నం చేర్చినారు. పెద్దోళ్ల ఎముకలకు కూడా ఊళ్లు తిరిగే యోగం ఉంటాది. ఆవుల కోసం చచ్చినోడికి మాత్రం ఎనామిల్ డబ్బా.

పెద్దోళ్లందరికీ అని కూడా అనలేం. తొండమనాడు సంగతి తలుచుకుంటే నాకు ఈ రీలు కంటే ఎక్కువ కడుపు మండతాది. పల్లవుల అపరాజితుణ్ణి ఓడించి చోళ రాజ్యాన్ని నిలబెట్టిన మొదటి ఆదిత్యుడు చచ్చిపోయింది కాళహస్తి పక్కనుండే తొండమనాడులో. కొడుకు పరాంతకుడు అస్థికల మీద శివాలయం కట్టించినాడు, అదే ఆదిత్యేశ్వరం. తంజావూరు పెద్దగుడి కట్టిన రాజరాజుకు ఈయన తాతకు తాత. ఆ రాజరాజు తన తాత అరింజయుడికి ఇట్టాంటి గుడే మేల్పాడిలో కట్టించినాడు, అదీ మన చిత్తూరుకు పక్కనే, తమిళనాడు గడ్డ మీద. చోళుల సినిమా వచ్చినప్పుడు తిరుపతిలో ఎవరి స్టేటస్ చూసినా రాజరాజే. కారేసుకొని తంజావూరు పోయి సెల్ఫీలు దిగి వచ్చినారు. దారిలో కూడా కాదు, ఇంటి వెనకాల ఉండే ఆయన ముత్తాతల సమాధి ఒక్కడికీ పట్టలేదు. తిరుమలలో వెంకన్న భక్తురాలు తరిగొండ వెంగమాంబ పేరున్న సముదాయంలో రోజూ వేలమంది అన్నం తింటారు కదా, 1817లో ఆయమ్మ సమాధి అయింది అదే కొండమీదే. ఎక్కడని అడిగి చూడండి ఎంతమంది చెప్తారో.

తొండమనాడు గురించి పోయినసారి రాసినప్పుడు ఒకాయన కింద కామెంటు పెట్టినాడు: "అది చావు గుడి సార్, పోతే దోషం" అని. తిరుమలలో హాథీరాం బావాజీ సమాధికి దండం పెట్టుకొనేటప్పుడు రాని దోషం తొండమనాడులోనే పట్టుకుంటాదంట. సరే, అంత భయముండేవాళ్లు ఒక పని చెయ్యండి. ముందు తొండమనాడు పోయి, ఆ తర్వాత కాళహస్తికి పోండి. రాహుకేతు పూజకు ఎట్టాగూ టికెట్ కొంటారు కదా, ఇది కూడా అందులోనే కలిసిపోతాది.