అమ్మ దాచిన పచ్చ గుడ్డ

మా ఇంట్లో బర్రె ఈనినా ఆవు ఈనినా నాన్న చేసే మొదటి పని దూడ తోక ఎత్తి చూడడం. జున్నుపాల సంగతి తర్వాత. నాలుగేళ్ళ కింద ఓ కోడెదూడకు తోక కింద దారే లేదు. చర్మం నున్నగా మూసుకుపోయి ఉంది. దూడ ముక్కినప్పుడల్లా అక్కడ ఉల్లిగడ్డంత ఉబ్బు వస్తోంది. 1962కు ఫోన్ చేస్తే గొడ్ల డాక్టర్ వచ్చి, తోక మొదట్లో మత్తు సూది వేసి, ఆ ఉబ్బు మీద గుండ్రంగా కోసి, లోపలి పేగు అంచును బయటికి లాగి చుట్టూ చర్మానికి కుట్టేశాడు. ఆగిపోయిన పేడ ఒక్కసారిగా నాన్న లుంగీ మీద పడింది. ఆయన సంతోషం చూడాలి! పేగు చివర ఇంకా పైనే ఆగిపోయి ఉంటే ఈ పని ఇంత తేలిక కాదని, ఆ ఉబ్బు కనిపించడం మన అదృష్టమని డాక్టర్ చెప్పాడు.

అదే నాన్న, అదే ఇల్లు. రెండేళ్ళ తర్వాత మా చెల్లెకు దేవరకొండ వైపు ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో బాబు పుట్టాడు. పుట్టిన ఐదారు గంటల నుంచి పాలు పట్టిన ప్రతిసారీ కక్కుతున్నాడు. మొదట తెల్లగా, తర్వాత పచ్చగా. లేత పసుపు కాదు, తంగేడాకు నూరితే వచ్చే పసరు రంగు. మా అమ్మ పాత చీర గుడ్డతో తుడిచి నర్సుకు చూపిస్తే, “ఉమ్మనీరు మింగిండమ్మా, కొంతమందికి అట్లనే అయితది” అంది. డాక్టరమ్మ వచ్చి చూసి మలం పోయే దారి ఉందని, కడుపు కూడా ఉబ్బలేదని, పాలు పడుతూ ఉండమని చెప్పింది. మేమూ తక్కువ తినలేదు. వస అరగదీసి నాకించమని పక్క మంచం పెద్దమ్మ చెబితే సరే అన్నాం.

రెండో రోజు సాయంత్రానికి పిల్లాడు ఏడవడం కూడా మానేశాడు. అప్పుడు హైదరాబాద్ పరిగెత్తాం. అక్కడి పిల్లల సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, “వాంతి ఏ రంగులో ఉంది?” అమ్మ కొంగు ముడిలోంచి ఆ గుడ్డ తీసి చూపించింది. ఆయన ఇంకేం అడగలేదు. ముక్కులోంచి గొట్టం వేయించి కడుపులోది లాగించి, ఒక్క ఎక్స్‌రే తీయించాడు. ఏ మందూ తాగించలేదు, లోపలి గాలే సరిపోయింది. ఫిల్మ్ మీద రెండు నల్ల బుడగలు. పెద్దది పొట్ట, పక్కన చిన్నది చిన్నపేగు మొదలు. ఆ కింద గాలి చుక్క లేదు. పేగు అక్కడే మూసుకుపోయింది. అంత పైన మూసుకుపోయింది కాబట్టే కింద కడుపు ఉబ్బలేదు. మాకు ధైర్యం చెప్పడానికి వాడిన రెండు మాటలూ, దారి ఉంది, ఉబ్బు లేదు, ఈ జబ్బుకు చెల్లవు.

నాకు మండేది ఇంకో విషయంలో. ఎనిమిదో నెల స్కానింగ్ రిపోర్టులో ఉమ్మనీరు ఎక్కువగా ఉందని రాసి ఉంది. లోపల బిడ్డ మింగిన నీరు ముందుకు పోయే దారి లేకపోతే ఉమ్మనీరు పెరగొచ్చట. ఆ కాగితం మా ఫైల్లోనే ఉంది. ఎవరూ దాని మీద ఒక్క మాట చెప్పలేదు. బిడ్డ అవయవాలన్నీ చూసే ఐదో నెల టిఫా స్కాన్ నార్మల్ కదా అని మేమూ ధీమాగా ఉన్నాం. ఆ బుడగలు చాలాసార్లు అప్పటికి కనిపించవని మాకేం తెలుసు.

ఆపరేషన్‌కు ముందు గుండె స్కాన్ చేశారు. ఈ జబ్బున్న పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యులోపం ఉంటుందని, గుండెలో లోపాలూ ఉండొచ్చని చెప్పారు. మావాడికి రెండూ లేవు. మూసుకున్న చోటికి పైన ఉన్న పేగును, కింద ఉన్న పేగుతో కలిపి కుట్టారు. నోటి పాలు మొదలయ్యేదాకా పన్నెండు రోజులు చెల్లె పాలు పిండి పారబోసింది. ఆ పన్నెండు రోజుల గురించి రాయాలని లేదు.

అందుకే పోట్లాడుతున్నా. పుట్టిన బిడ్డ పచ్చగా కక్కితే, వేరే కారణం తేలేదాకా దాన్ని పేగు అడ్డంకి అనే అనుకోవాలి. పేగు మెలిక పడినా ఇలాగే పచ్చగా కక్కుతారు. అప్పుడు రక్తం ఆగి కొన్ని గంటల్లోనే పేగు నల్లబడిపోతుంది. పాలు ఆపి, గొట్టం వేసి, సెలైన్ పెట్టి, వెచ్చగా చుట్టి, పిల్లల సర్జన్ ఉన్న చోటికి పంపాలి. ఇందులో నర్సింగ్ హోమ్‌కు చేతకానిది ఏముంది? నల్లటి మొదటి మలం కూడా చాలామంది పిల్లలకు 24 గంటల్లోపే వస్తుంది. 48 గంటలైనా రాకపోతే పేగు చివర నరాల కణాలు లేని జబ్బు కూడా కావొచ్చు. కేసు షీటులో బరువు రాస్తారు, టీకా రాస్తారు, బిల్లయితే పైసలతో సహా రాస్తారు. మొదటి మలం ఎన్ని గంటలకు వచ్చింది, వాంతి ఏ రంగు అని రెండు గీతలు కొట్టడానికి మాత్రం జాగా ఉండదు.

ఆ నర్సింగ్ హోమ్‌కు వెళ్ళి అడిగాను కూడా. “మీవాడు బాగానే ఉన్నాడు కదా, ఇంకేంది?” అన్నారు.

బాగానే ఉన్నాడు. మొన్న దసరాకు వచ్చి సర్వపిండి అడిగి మరీ తిన్నాడు. బొడ్డు పైన అడ్డంగా కుట్టు గీత ఉంది, చొక్కా ఎత్తి అందరికీ చూపిస్తుంటాడు. ఆ గుడ్డను మాత్రం అమ్మ ఇప్పటికీ ఉతకలేదు. ఊళ్ళో ఎవరింట్లో పురుడు జరిగినా పట్టుకెళ్ళి, “గీ రంగు కక్కిండా?” అని అడిగి వస్తుంది.