టెంపరరీగా వచ్చి అరవై ఏళ్లు ఉండిపోయిన జాతీయగీతం

1834లో శామ్యూల్ తోమాషిక్ అనే స్లోవాక్ పాస్టర్ ప్రాగ్ వెళ్లాడు. ఏ వీధిలో చూసినా జర్మన్ మాటలే, చెక్ మాట్లాడేవాళ్లు అరుదుగా కనిపిస్తున్నారు, రేపు మన భాష గతి కూడా ఇంతేనా అని ఆయనకి కడుపు తరుక్కుపోయింది. ఆ దిగులులో ఒక పాత పోలిష్ పాట గుర్తొచ్చింది. మ్యాపులో పోలండ్ అనేదే లేకుండా పోయిన రోజుల్లో, 1797లో, ఇటలీలో ఉన్న పోలిష్ సైనికుల కోసం పుట్టిన పాట అది, మేం బతికున్నంతవరకు మా దేశం చావలేదు అంటుంది. ఆ ట్యూన్‌లోనే తోమాషిక్ "హేయ్ స్లోవాకులారా, మన భాష ఇంకా బతికే ఉంది" అని రాసుకున్నాడు. తర్వాత "స్లోవాకులారా" కాస్తా "స్లావ్‌లారా" అయి, అది స్లావ్‌లందరి పాటైపోయింది, అంటే స్లోవాక్, చెక్, పోలిష్, సెర్బ్ లాంటి ఒకే భాషా కుటుంబపు జాతులన్నిటిదీ.

మన వాళ్లకి అలీనోద్యమం వల్ల టిటో పేరు తెలుసు కదా, ఆ టిటో యుగోస్లావియా 1943 నుంచి ఈ పాటనే టెంపరరీగా జాతీయగీతం చేసుకుంది. కానీ అక్కడ ఒక మాట మారింది, "మన భాష" ఉన్నచోట "మన తాతల ఆత్మ" వచ్చింది. సెర్బోక్రొయేషియన్, స్లోవీన్, మాసిడోనియన్ అన్నీ ఉన్న దేశంలో ఏ భాష బతికుందని పాడతారు చెప్పండి! నాకైతే ఈ పాట కథలో అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే, ఏ భాష కోసం ఏడ్చి రాశాడో ఆ భాషే పాటలోంచి వెళ్లిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. యుగోస్లావియాలోనే భాగమైన కొసొవోలో ఎక్కువమంది అల్బేనియన్లు, వొయ్వొదినాలో కొంతమంది హంగేరియన్లు ఉండేవారు, వాళ్లు స్లావ్‌లే కాదు. సొంత దేశపు జాతీయగీతం మొదటి మాటే "హేయ్ స్లావ్‌లారా" అని పిలుస్తుంటే వాళ్ల పిల్లాడు స్కూల్లో లేచి నిలబడి ఏమనుకోవాలి? కొత్త పాట కోసం పోటీలు పెట్టారు గానీ ఏదీ తేలలేదు, ఎందుకంటే అందరికీ సరిపడే పాట కావాలంటే ముందు మనం ఎవరం అన్నది తేల్చుకోవాలి, ఆ పని ఎవరూ చేయలేదు, టెంపరరీ అన్న మాట చాటున అందరూ తలదాచుకున్నారు అని నేనంటాను. చివరికి 1988లో రాజ్యాంగంలో పెట్టి అఫీషియల్ చేశారు, అప్పటికే ఇల్లు బీటలు వారింది. 1990 జూన్ 3న, అప్పటికింకా యుగోస్లావియాలోనే ఉన్న క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో నెదర్లాండ్స్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు ఈ పాట వేస్తే స్టేడియంలో జనమే నిరసనగా ఈలలు వేసి దాన్ని ముంచేశారు.

దేశం ముక్కలయ్యాక కూడా సెర్బియా, మాంటెనెగ్రో కలిసి ఇదే పాటని మోశాయి. సరిగ్గా పదహారేళ్లకి, 2006 జూన్ 3నే, మాంటెనెగ్రో కూడా విడిపోయింది. ఎనిమిది రోజుల తర్వాత ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో, జర్మనీలోని లైప్‌జిగ్ గ్రౌండ్‌లో, మళ్లీ నెదర్లాండ్స్ ముందే, అప్పటికే లేని దేశం పేరుతో ఒక టీమ్ వరసగా నిలబడింది, స్పీకర్లలో ఈ పాట మోగింది.