లెక్కలో లేని తల

ఒడిశాలోని మా బరంపురంలో అమ్మవారి పండగ, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి వస్తుంది. మొక్కున్నవాళ్లు పులి వేషమో మరో వేషమో కట్టి ఊరంతా తిరిగి, యాత్ర అయ్యాక రంగు కడుక్కుని ఎవరి దుకాణానికి వాళ్లు పోతారు. నాకు అంత తీరిక లేదు. ఫ్రీలాన్సరుని కాబట్టి మూడు నెలలకోసారి, కాంట్రాక్టు మారినప్పుడల్లా, వేషం మార్చాలి. మొదట నాలెడ్జ్ కన్సల్టెంట్, తర్వాత కంటెంట్ స్పెషలిస్ట్, ఇప్పుడు డొమైన్ పార్ట్‌నర్. పని మాత్రం ఒక్కటే. బెంగళూరులో ఒక కంపెనీ తన ఖాతాదారులకు అమ్మే రిపోర్టులను ఇంట్లో కూర్చుని రాసిపెట్టడం. పార్ట్‌నర్ అన్నారు కదా అని లాభంలో వాటా అడక్కూడదు.

ఇది ఫిర్యాదు కాదు. ఆ కంపెనీ ఉత్పాదకత పెంచిన తీరును దేశం ఇంకా గుర్తించలేదే అన్నదే నా బాధ.

లెక్క చాలా సులువు. ఆదాయాన్ని ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే తలసరి ఉత్పాదకత వస్తుంది. 100 మంది కలిసి 10 కోట్లు తెస్తే తలకు 10 లక్షలు. వాళ్లలో 40 మందిని శుక్రవారం తీసేసి, సోమవారం ఆ 40 మందినే ఫ్రీలాన్సర్లుగా పిలవండి. పని అదే, మనుషులు వాళ్లే, 10 కోట్లూ అవే. ఉద్యోగులు మాత్రం 60 మందే కాబట్టి తలకు 16 లక్షల 67 వేలు! శని, ఆదివారాలు సెలవు తీసుకుని కూడా ఉత్పాదకతను మూడింట రెండు వంతులు పెంచారు. ఆ 40 తలలూ ఏమయ్యాయంటారా? 'ఇతర ఖర్చులు' పద్దులో కరెంటు బిల్లుకీ కాఫీపొడికీ మధ్య క్షేమంగా ఉన్నాయి. ఇదే దారిలో పోతే చివరికి ఒక్క ఉద్యోగి మిగులుతాడు, 10 కోట్లూ అతనొక్కడే తెచ్చినట్టు. ఈ భాగహారం చేసిపెట్టిన హెచ్‌ఆర్ మేనేజరే ఆ ఒక్కడూ అవుతాడని నా అనుమానం.

మా పక్క వీధిలో పట్టు నేసే పెద్దాయనకు ఈ శాస్త్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. బరంపురం పట్టుకు 2012లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ, ఈయన అంతకు ఎంతో ముందునుంచీ మగ్గం మీదే ఉన్నారు. చీరకింత అని కూలి. అంటే నాకంటే పాత ఫ్రీలాన్సరు. అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "ఒక్కో చీరకీ ఒక్కో నేతగాణ్ణి మారుస్తారా మీవాళ్లు? మరి పడుగు అతికేదెవరు బాబూ?"

పడుగంటే మగ్గం మీది నిలువు పోగులు. పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలపడమే అతకడం. ఆ రోజు జానెడు గుడ్డ కూడా దిగదు. అది చేయకపోతే ఆ తర్వాతా దిగదు. ప్రతి కాంట్రాక్టులోనూ నా మొదటి మూడు వారాలు అంతే. లాగిన్ రావడానికి 5 రోజులు. పాత ఫైళ్లు ఎక్కడున్నాయో తెలిసిన మనిషిని వెతకడానికి ఒక వారం. తీరా చూస్తే ఆ మనిషీ ఫ్రీలాన్సరే, కిందటి నెలే వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది పర్మినెంట్ ఉద్యోగిని ఒకావిడ. ఆవిడదీ రిపోర్టులు రాసే పనే. పొద్దున్నుంచీ నాబోటి ఆరుగురికి ఏది ఎక్కడుందో, ఏ ఖాతాదారుకు ఏ మాట నచ్చదో చెబుతూనే ఉంటుంది. సాయంత్రానికి "ఈరోజు ఒక్క పేజీ కూడా రాయలేదండీ, టెన్షన్‌గా ఉంది" అంటుంది. ఆవిడ చెప్పిందేదీ టైమ్‌షీటుకు ఎక్కదు. ఉత్పాదకత పడిపోయిందని ఆవిడకు మెమో ఇచ్చారు. సాయానికని ఇంకో ఇద్దరు ఫ్రీలాన్సర్లనూ ఇచ్చారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే అన్నాడు. ఆయన ప్రొఫెసరు, ఇలాంటివి ఆలోచించే తీరిక ఉండేది. పండగ రద్దీకి నలుగుర్ని అదనంగా పిలవడం తప్పని నేనూ అనను. మా కంపెనీలో మాత్రం ఏడాది పొడుగునా పండగే.

కార్మిక నాయకుడు వి.వి.గిరి 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ప్రభుత్వంతో పొసగక 1954లో రాజీనామా చేశారు. ఆయన రాష్ట్రపతిగా ఉండగానే, 1970లో, కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం వచ్చింది. కాంట్రాక్టు రద్దు కాలేదు గానీ, నేను కార్మికుణ్ణి కాదని, 'స్వతంత్ర వృత్తినిపుణుణ్ణి' అని నా ఒప్పందంలో రాసుకున్నారు. నీతి ఆయోగ్ 2022 అంచనా ప్రకారం దేశంలో గిగ్ కార్మికులు, అంటే నాలా పనికింత అని చేసేవాళ్లు, 2020-21లో 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లు. అంతమందిమి 'ఇతర ఖర్చులు' పద్దులో ఎలా పడతామో చూడాలి. ప్రస్తుతానికి నన్ను ఠంచనుగా లెక్కలోకి తీసుకునేది ఒక్క ఆదాయపు పన్ను శాఖే. ప్రతి బిల్లులోనూ 10 శాతం ముందే కోత.

కిందటి కాంట్రాక్టు చివరి వారంలో 'నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్' అన్నారు. బుర్రలో ఉన్నదంతా ఒక ఫైలులో రాసిచ్చి వెళ్లాలి, దానికి విడిగా డబ్బులుండవు. పదకొండు పేజీలు రాసిచ్చాను. నెల విరామం తర్వాత కొత్త వేషంలో మళ్లీ పిలిచారు. 5 రోజులకు లాగిన్ వచ్చింది. వెంటనే ఆ ఫైలు కోసం వెతికాను, కనిపించలేదు. అది ఎక్కడుందో తెలిసినవాళ్లెవరని ఆ పర్మినెంట్ ఆవిణ్ణే అడిగాను. జాబితా చూసి నా పేరు చెప్పింది.