సవరణ: ఐటీఐ తర్వాత పైచదువు లేదన్నది తప్పు

పదో తరగతి తర్వాత ఏం చదవాలో మొన్న రాస్తూ, "ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ఆగినట్టే, ఆ తర్వాత పాలిటెక్నిక్‌కి వెళ్లాలంటే మళ్లీ మొదటి ఏడాది నుంచే" అన్నాను. అది తప్పు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి 2 ఏళ్ల ట్రేడ్ (వృత్తి కోర్సు) పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి పరీక్ష నెగ్గితే, పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదికీ వెళ్లొచ్చు. వెల్డర్ మాత్రం 1 ఏడాది ట్రేడే, ఈ 2 ఏళ్ల లెక్కలోకి రాదు. కాబట్టి పైచదువు ఆలోచన ఉంటే చేరేముందే ట్రేడ్ ఎన్నేళ్లో అడగండి.

నేను రాసింది చదివి కావలి నుంచి ఒకమ్మ ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి ఇంట్లో ఆగిపోయిన నీళ్ల మోటారు విప్పి, కాలిన తీగ తీసి, కొత్తగా చుట్టి తిప్పేశాడట. ఎలక్ట్రీషియన్‌లో చేరతానంటే, "భవిష్యత్తు పోతుందిరా" అని ఆమే ఆపేశారు. అమ్మా, ఆపొద్దు. మిమ్మల్ని టెన్షన్ పెట్టినందుకు క్షమించండి. అడ్మిషన్ల గడువు దాటకముందే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి అబ్బాయిని తీసుకెళ్లి మాట్లాడండి.

పదో తరగతి తర్వాత నేరుగా పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో చేరాలంటే పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలన్న మాటలో మార్పు లేదు.