ఒక్క రోజులో ఐదు బీచ్‌లు, మధ్యలో పులిహోర

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌ను విడిపించడానికి 1944లో నార్మండీ తీరంలో సైన్యాన్ని దింపిన మిత్రరాజ్యాల సేనాధిపతులు ఎక్కడెక్కడ పొరపాటు పడ్డారో ఇన్నాళ్లకు నాకు తెలిసొచ్చింది. పోయిన జూన్‌లో నార్మండీ వెళ్లొచ్చాను కాబట్టి ఈ విషయం మాట్లాడే అర్హత నాకుంది. యుద్ధం మొత్తాన్ని ఒక్క పూటలో ముగించి, రాత్రి పదిన్నరకల్లా పారిస్ హోటల్లో దుప్పటి కప్పుకున్నవాణ్ణి.

ముందు కాన్ పట్టణం సంగతి. జూన్ 6న, ఒడ్డుకు దిగిన రోజే దాన్ని పట్టుకోవాలని బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ ప్లాను. తీరా జులై 9కి గానీ ఊళ్లో అడుగు పెట్టలేకపోయారు. ఆలోపు విడిపించడానికి వచ్చినవాళ్ల బాంబులకే ఊరు చాలావరకు నేలమట్టమైంది. మా బస్సు పొద్దున ఆరున్నరకు పారిస్‌లో బయలుదేరి, దారిలో కాఫీకి ఆగి కూడా, పదింటికల్లా కాన్ దాటేసింది. ఒక్క గోడకీ గీత పడలేదు.

వాతావరణం విషయంలోనూ వాళ్లది మరీ మెతకదనం. అసలు దాడి జూన్ 5న జరగాలి. జేమ్స్ స్టాగ్ అనే వాతావరణ అధికారి గాలివాన ఉందనగానే సర్వసేనాని ఐసెన్‌హోవర్ లక్షన్నర మందిని ఒక రోజు ఆపేశాడు. మా టూరు కంపెనీ రసీదు వెనక చిన్నక్షరాల్లో 'వాన కారణంగా డబ్బు వాపసు ఇవ్వబడదు' అని ఉంది. పని వీళ్లకు అప్పజెప్పి ఉంటే దండయాత్ర ఐదో తారీఖునే మొదలయ్యేది. ఎలా ముగిసేదో అడక్కండి.

సైన్యం దిగిన బీచ్‌లు ఐదు, అన్నీ రహస్య పేర్లే: యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్. జూనోకి ముందు అనుకున్న పేరు జెల్లీ అట, గోల్డ్‌ఫిష్, స్వోర్డ్‌ఫిష్, జెల్లీఫిష్ అని చేపల వరసలో. కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకోబోయే చోటికి అదేం పేరని చర్చిలే మార్పించాడంటారు. అప్పట్లో ఈ పేర్లు బయటికి పొక్కకుండా నానా తంటాలూ పడ్డారు. ఇప్పుడు రోడ్డు మీద బాణం గుర్తు వేసి మరీ దారి చూపిస్తున్నారు. వీటిలో స్వోర్డ్, జూనోలను మేం బస్సు కిటికీలోంచే జయించాం. గోల్డ్ దగ్గర, ఆరోమాంష్‌లో మాత్రం కాసేపు దిగాం. సముద్రంలో నల్లగా కాంక్రీటు దిమ్మలు. రేవు దొరకదని ముందే తెలిసి, ఇంగ్లండ్‌లో ముక్కలు ముక్కలుగా కట్టి, నీళ్ల మీద లాక్కొచ్చి ఇక్కడ నిలబెట్టిన రేవులో మిగిలినవి. "ఇన్నేళ్లయినా తీయించలేదేంటి, వ్యూ పాడవుతోంది" అన్నాడు వెనక సీటాయన. మా అక్క పులిహోర డబ్బా మూత తీసింది అక్కడే.

చరిత్రను ఫొటోకు అనువుగా ఎలా తిప్పుకోవాలో సాంత్-మేర్-ఎగ్లీజ్ అనే ఊరు చూసి నేర్చుకోవాలి. దాడికి ముందు రాత్రి జాన్ స్టీల్ అనే అమెరికన్ సైనికుడి పారాచూట్ చర్చి గోపురానికి చిక్కుకుంది. కింద కాల్పులు జరుగుతుంటే ఆయన రెండు గంటలు చచ్చినవాడిలా వేలాడాడు. ఇప్పుడు అదే చర్చికి పారాచూట్‌తో సహా ఒక బొమ్మ వేలాడుతోంది. అయితే ఆయన అసలు చిక్కుకున్నది అవతలి పక్కనట. బొమ్మని మాత్రం ఊరి మధ్య ఖాళీస్థలం వైపు కట్టారు, అందరికీ కనబడాలి కదా. స్టీల్‌కి కాస్త ముందుచూపుంటే పార్కింగ్ వైపే దిగేవాడు.

ఎదుటి కొట్లో నొక్కితే టిక్కుమనే రేకు టిక్కుబిళ్లలు అమ్ముతున్నారు. చీకట్లో తమవాళ్లెవరో తెలియడానికి అప్పటి పారాట్రూపర్లు వాడినవాటికి నకళ్లు. ఒకరు ఒక టిక్కు కొడితే అవతలివాడు రెండు టిక్కులు కొట్టాలి. మా బస్సులో ఆరుగురు పిల్లలు తలా ఒకటి కొన్నారు. ఆ రాత్రి జర్మన్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో నాకు అరగంటలో అర్థమైంది.

జూన్ కదా, ఊరి నిండా పాత జీపులు, పాత యూనిఫాంలు. అమెరికన్ మేజర్ వేషంలో ఉన్నాయన్ని పలకరిస్తే హాలెండ్ నుంచి వచ్చానన్నాడు. సిపాయి వేషం వేసినవాడు ఒక్కడూ తగల్లేదు, జర్మన్ వేషం అసలే లేదు. ఎదుటి పక్షం అంటూ ఒకటి ఉండేదని లా కాంబ్ దాటుతుంటే తెలిసింది. అక్కడ 21 వేల మందికి పైగా జర్మన్లను పూడ్చిపెట్టారు. హైవే పక్కనే, కానీ మా షెడ్యూల్లో లేదు. "అదేంటండీ?" అని ఎవరో అడిగితే "అదా, అవీ సమాధులే" అన్నాడు గైడు. బస్సు వేగం తగ్గలేదు.

ప్వాంట్ దు ఓక్ దగ్గర 225 మంది రేంజర్లు, అంటే అమెరికన్ కమాండోలు, సముద్రం వైపు నుంచి వంద అడుగుల కొండచరియను తాళ్లు పట్టుకుని ఎక్కారు. తీరా ఎక్కితే, వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన ఫిరంగులు అక్కడ లేవు, ముందే లోపలికి తరలించేశారు. రెండు రోజుల తర్వాత పోరాడే స్థితిలో మిగిలింది 90 మంది. మేం వెనకవైపు నుంచి ఏసీ బస్సులో వచ్చాం. ఈ దారి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

నవ్వడానికి మనమేం తక్కువ తిన్నామని. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ తేదీ చెప్పి, ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు సెల్ఫీ దిగుతున్నవాళ్లలో ఎవరినైనా అడిగి చూడండి. మొక్కజొన్న పొత్తు ఎంతో మాత్రం టక్కున చెబుతారు.

ఒమాహాలో పావుగంట ఇచ్చారు. బీచ్ ఇసుక పట్టుకెళ్లడం ఫ్రాన్స్‌లో నేరమని గైడు మైకులో చెబుతుండగానే మా అక్క ఖాళీ నీళ్ల సీసా నింపేసింది. షోకేసులోకట.

ఆ పైనే కొలవిల్‌లో అమెరికన్ల సమాధులు. 9,380కి పైగా ఉన్నాయి. మాకిచ్చింది ముప్పావు గంట. లెక్క వేస్తే ఒక్కో మనిషికి సెకనులో మూడో వంతు కూడా రాలేదు. అన్నీ తెల్ల పాలరాయి, అన్నీ పడమటి వైపు, ఇంటి వైపు చూస్తున్నాయి. తెల్లరాతిలో చెక్కిన తెల్లక్షరాలు ఫొటోలో పడవు. అందుకని సొంతవాళ్లెవరైనా వస్తే అక్కడి ఉద్యోగి చిన్న బకెట్టుతో తడి ఇసుక తెచ్చి పేరు మీద రుద్దుతాడు. ఒక ముసలావిడ పక్కన నిలబడి ఉండగా అతను రుద్దుతుంటే చూశాను. ఒక్కో అక్షరం బంగారు రంగులో పైకి తేలింది. ఇసుక ఒమాహాదేనట. మా అక్క హ్యాండ్‌బ్యాగులో సీసాని ఇంకాస్త లోపలికి తోసింది.

ఆచూకీ దొరకని 1,557 మంది పేర్లున్న గోడ దగ్గరికి వెళ్లేలోగా టైమైపోయింది.

బస్సులో గైడు తలలు లెక్కపెట్టాడు. మొత్తం 46 మందిమి, ఉన్నది 45. మళ్లీ లెక్కపెట్టాడు. "ఒకరు మిస్సింగ్" అన్నాడు. బస్సంతా గొణిగింది, ఒక్కడి కోసం ఇంతమందికి లేటా అని. పన్నెండు నిమిషాలకు మా బావగారు పార్కింగ్ టాయిలెట్ వైపు నుంచి కర్చీఫుతో చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ఏమైపోయారు బావగారూ!" అన్నాను. "క్యూ చాలా ఉందయ్యా" అన్నారు. గైడు కాగితంలో ఆయన పేరు పక్కన ఒక టిక్కు పెట్టాడు.

వెనక సీట్లోంచి ఎవరో పిల్లాడు రెండు టిక్కులు కొట్టాడు.