ఫార్మాట్ మాట తర్వాత, ముందు ఫైళ్లు బయటికి తీయండి

విండోస్ ఆన్ కాలేదంటే చాలు, "ఫార్మాట్ కొట్టాల్సిందే, డేటా పోతుంది" అని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విండోస్ పాడవడం వేరు, డిస్కు పాడవడం వేరు. ఆ తేడా కూడా చూడకుండా ఒకరి పిల్లల ఫొటోలో, ఏళ్ల తరబడి రాసుకున్న థీసిసో చెరిపేయడం అన్యాయం.

విండోస్ అంటే డిస్కులో ఉన్న మరికొన్ని ఫైళ్లే. అవి చెడిపోయినంత మాత్రాన మీ ఫొటోలు ఎక్కడికీ పోవు. వేరే కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లాంటి లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించండి. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరిచి (కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్) ఆ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ జోలికి పోకుండా 'ట్రై' అన్నది నొక్కితే, లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. మీ డిస్కును మార్చదు. ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌లో కావలసినవన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవడమే. 2000లో వచ్చిన క్నాపిక్స్ అనే లినక్స్ ఈ పని సీడీ మీంచే చేసేది. ఇన్నేళ్ల తర్వాత కూడా "వేరే దారి లేదు" అంటే ఎలా నమ్మాలి?

ఒక్కోసారి డ్రైవ్ రీడ్ ఓన్లీగా మాత్రమే తెరుచుకుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ వల్ల విండోస్ షట్‌డౌన్‌లో కూడా సగం నిద్రలోనే ఉంటుంది, అందుకే అలా. కంగారు పడకండి, కాపీకి చదవగలిగితే చాలు. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. డిస్కు తప్పుల్ని సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ అసలు నడపొద్దు. అలాంటి డిస్కు నుంచి ఫైళ్లు తీయడం డేటా రికవరీ ల్యాబ్ వాళ్ల పని.

అసలు చిక్కు బిట్‌లాకర్‌తో, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఫీచర్‌తో. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా లాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది (కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మారుతుంది). అప్పుడు 48 అంకెల రికవరీ కీ లేకపోతే లినక్స్ కూడా ఏమీ చేయలేదు. అలాంటి కీ ఒకటుందని చాలామందికి సిస్టమ్ చెడిపోయిన రోజే తెలుస్తోంది. సెటప్‌లోనే పెద్ద అక్షరాలతో చెప్పి, ప్రింట్ తీసుకున్నాకే ముందుకు వెళ్లనివ్వాలని నా గట్టి అభిప్రాయం.

అలాగని ఎన్‌క్రిప్షన్ ఆపేయమనను. పైన చెప్పిన పెన్‌డ్రైవ్ పద్ధతి మీకెంత సులువో, మీ లాప్‌టాప్ ఎత్తుకెళ్లిన దొంగకూ అంతే సులువు. ఎన్‌క్రిప్షన్ లేని డిస్కుకు విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఏ రక్షణా ఇవ్వదు.

కాబట్టి ఈరోజే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రికవరీ కీ ఉందేమో చూసుకోండి. ఉంటే కాగితం మీద రాసి, లాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి. రిపేరుకి ఇస్తే మాత్రం "కాపీ తీసి నాకు చూపించాకే ఫార్మాట్" అని రాయించుకోండి.