చుక్కలకు కట్టిన రేటు

పలాస జీడిపప్పులో డబ్ల్యూ-240 రకమంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 పలుకులు తూగాలి. డబ్ల్యూ-320 అయితే 300 నుంచి 320. పావుకిలో పొట్లంలో మొదటి రకం 121–132, రెండో రకం 165–176 ఉంటాయి. ఆన్‌లైన్‌లో 240 అని రాసి 320 పంపితే, పలుకులు లెక్కపెడితే చాలు, గుట్టు బయటపడుతుంది. అలా లెక్కపెట్టి రాసిన సమీక్ష ఒక్కటి 'సూపర్' అన్న వంద సమీక్షల పెట్టు. పేజీలో ముందు కనబడేవి మాత్రం ఆ వందే.

అలాంటి దొంగ సమీక్షలు ఎలా పుడతాయో వ్యాపారులకు తెలియనిది కాదు. టెలిగ్రామ్ గ్రూపులో సరుకు లింకు పెడతారు. గ్రూపులోనివారు సొంత డబ్బుతో కొని, అయిదు చుక్కల (స్టార్ల) రేటింగు ఇచ్చి, స్క్రీన్‌షాట్ పంపుతారు. డబ్బు వెనక్కి వస్తుంది. కొన్నమాట నిజమే గనక 'వెరిఫైడ్' ముద్రా పడుతుంది. పెట్టెలో క్యాష్‌బ్యాక్ కార్డు పెట్టి చుక్కలు అడగడం ఇంకో దారి. అన్నిటికన్నా గడుసుది మరొకటి: చవక కేబుల్‌కు వచ్చిన మంచి పేరును, అదే పేజీలో ఫొటో, పేరు మార్చి వేరే సరుకుకు అంటగట్టడం. సమీక్షలు ఒక వస్తువు గురించి, పేజీ మరో వస్తువు గురించి ఉంటే సంగతి అదే.

సగటునూ నమ్మలేం. వందమందిలో 80 మంది అయిదు, 20 మంది ఒకటి ఇచ్చినా సగటు 4.2 వస్తుంది. అందుకే కొత్త సమీక్షలు, ఒక చుక్క సమీక్షలు ముందు చదవాలి. డెలివరీ ఆలస్యమైందని తిట్టినవి పక్కనపెట్టి, సరుకు లోపం చెప్పినవి చూడాలి.

అమ్మకందారు కొనుగోలుదారు వేషంలో సమీక్ష రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలే చెబుతున్నాయి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బిచ్చి రాయించిన సమీక్షలు ప్రచురించరాదంది, కానీ పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలేసింది. ఇష్టానికి వదిలితే ఎవరు పాటిస్తారు? తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన 2024లో వచ్చింది. అలాంటి ఉత్తర్వులో రెండు షరతులు ఉండాలని మేము కోరుతున్నాం: సమీక్ష ఏ అమ్మకందారు సరుకుకు వచ్చిందో చూపాలి, తొలగించినవెన్ని, ఎందుకో చెప్పాలి. పొందూరులో చేత్తో వడికిన నూలు నేసి అమ్మేవారికి చుక్కలు కొనే స్తోమత లేదు. మిల్లు గుడ్డకు పొందూరు పేరు తగిలించి అమ్మేవాడికి అదో పెట్టుబడి.

మోసపోతే అడిగే దారి ఉంది. అడ్రసు లేబుల్ కనబడేలా పెట్టె విప్పుతూ వీడియో తీయాలి, సరుకు పేజీ స్క్రీన్‌షాట్ దాచాలి. కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పి, నెలలో పరిష్కరించాలి. కాకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కంపెనీ బెంగళూరులో ఉన్నా శ్రీకాకుళం వాసి శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు; గడువు రెండేళ్లు, రూ.5 లక్షల్లోపు కొనుగోలుకు రుసుము లేదు. పెట్టెలో దొరికిన క్యాష్‌బ్యాక్ కార్డును ఫిర్యాదుకు జతచేయడం మరవొద్దు.